ఖాళీయేగా!

“నువ్వెలాగూ ఖాళీయేగా, సిలిండర్ వస్తుంది, దగ్గరుండి పెట్టించు” అన్నాడు శ్యామ్, బూట్ల లేసు కట్టుకుంటూ. ఈయన వెళ్లేదాకా హైటెక్ సిటీలో దీపాలు వెలగవు మరి!

“పదకొండింటికి నాకు ఇంటర్వ్యూ.”

“ఇంట్లోనేగా! వీడియోలోనేగా!”

మా ఆయన మాట చివర ఒక ‘గా’ ఉంటుంది. నా చాకిరీ మొత్తం ఆ ఒక్క అక్షరంలో సర్దేస్తాడు.

ఖాళీ అన్న మాట వింటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. మూడేళ్ల కిందటి దాకా నా ఉద్యోగమే ఖాళీ తయారు చేయడం. పరమాణు కేంద్రకాలను పరుగెత్తించి ఢీకొట్టించే ల్యాబు మాది. అవి పరుగెత్తే స్టీలు గొట్టంలో గాలి కూడా అడ్డు తగలకూడదు. పంపులు రోజుల తరబడి తోడాలి. హీటర్లు చుట్టి గొట్టాన్ని కాల్చి, లోపలి గోడలు పట్టుకున్న తేమను కూడా వదిలించాలి. ఇంత చేసినా పీడనం దిగకపోతే ఎక్కడో లీకున్నట్టు. ఒక్కో అతుకు దగ్గరా హీలియం ఊదుకుంటూ వెతికేదాన్ని. ఆ హీలియం లోపలికి దూరి పరికరం కూత పెట్టిన చోట లీకు. ఖాళీ అంత కష్టంతో తయారయ్యే వస్తువు మరొకటి లేదు. అత్తయ్య పుణ్యవతిగారి మోకాలి ఆపరేషన్‌కి “కొన్నాళ్లేగా” అంటే మానేశాను. ఇప్పుడు నల్లగండ్ల ఫ్లాట్‌లో పెసరట్టు తిరగేస్తూ ఖాళీగా ఉన్నాను, బట్టలు మడతపెడుతూ ఖాళీగా ఉన్నాను. “ఊరికే ఉంటే బుర్ర తుప్పు పడుతుందమ్మా, ఈ కందులు బాగు చెయ్యి” అంటారు అత్తయ్య, నా మేలు కోరి.

గడియారం చూస్తూ వంటింటికీ హాలుకీ తిరుగుతున్నాను. సోఫాలోంచి మావయ్య యజ్ఞనారాయణగారు కథ అందుకున్నారు. “కాలవలో కొట్టుకుపోతున్న దున్నపోతుని భుజానేసుకుని ఒడ్డెక్కానమ్మా. అది నా భుజం మీదే గురక పెట్టింది!” ఆ బరువు ఇప్పుడే దించినట్టు ఆయాసపడి, మజ్జిగ అడిగారు. ఇచ్చాను.

ఇంటర్‌కమ్ మోగింది. వాచ్‌మన్ నర్సయ్య. “మేడం, సిలిండర్ జర లేటైతదంట. ఎప్పుడొచ్చినా పైకి పంపు, మేడం ఖాళీగనే ఉంటదని సార్ చెప్పిండు. ఫికర్ చెయ్యకుండ్రి.”

నా ఖాళీ గేటు దాకా పాకిందన్నమాట.

గదిలోకి వెళ్లి గడియ పెట్టాను. పగటిపూట ఈ ఇంట్లో నేను గడియ పెట్టడం ఇదే మొదలు. తెర మీద మా పాత ల్యాబు పెద్ద భ్రమరాంబగారు. కొత్త గొట్టం వేస్తున్నారట, ఖాళీ చేసే మనిషి కావాలట. పంపుల గురించి అడిగితే గడగడా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకున్నారు.

“అంతా బాగుంది రసజ్ఞా. మధ్యలో ఈ మూడేళ్లు ఖాళీ ఏమిటమ్మా?”

ఆవిడ కూడా!

అప్పుడే తలుపు దబదబలాడింది. “రసజ్ఞా! సిలిండరొచ్చింది! నువ్వు ఖాళీయే అన్నాడుగా వాడు!”

కాళ్లు వాటంతటవే లేవబోయాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

“మావయ్యగారిని పిలవండత్తయ్యా. దున్నపోతుని మోసిన భుజానికి సిలిండరొక లెక్కా?”

అవతల అత్తయ్య అడుగులు హాలు వైపు మళ్లాయి. ఆ వెంటనే మావయ్యగారి దగ్గు, సోఫా కిర్రుమన్న శబ్దం.

నేను తెర వైపు తిరిగాను.

“అది ఖాళీ కాదండీ, లీకు. ఎక్కడుందో పట్టుకోవడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడే బిగించాను.”