బోదె నుంచి బురద దాకా

నేను ఒక కుండీని. మట్టితో చేసింది కాదు, ప్లాస్టిక్‌తో అసలే కాదు. గోదావరి లంకల్లో గెల కోసేశాక రైతు నరికి గట్టు మీద పారేసిన అరటి బోదె నాలో సగం. మిగతా సగం పేరు చెబితే నవ్వుతారు, పాలిస్టర్. చొక్కా గుడ్డల పాలిస్టర్ కాదులెండి. చక్కెర మిల్లు మడ్డి పోసి పెంచితే కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తిని, మనుషులు ఒంట్లో కొవ్వు దాచుకున్నట్టు దాచుకునే పదార్థం అది. మట్టిలోనైనా ఉప్పునీళ్లలోనైనా మెల్లగా అరిగిపోతుంది. బోదె నారను ఉడికించి, సెల్యులోజును వేరు చేసి, ఈ పాలిస్టర్‌తో కలిపి వేడి అచ్చులో నొక్కితే నేను పుట్టాను.

నన్ను పుట్టించింది నిరుపమ. కాకినాడలో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేస్తుంది. నన్ను చేతుల్లోకి తీసుకుంది పోలేశ్వరి. ఉప్పుటేరు పక్కన ఉండే చేపల వేటగాళ్ల పేటలో, మడ మొక్కలు పెంచే ఆడవాళ్ల సంఘంలో మనిషి. పేటకు అడ్డంగా ఉన్న మడ అడవిని ఎప్పుడో నరికేశారు. ఆ ఖాళీలోంచే తుఫాను నీళ్లు వచ్చి పోలేశ్వరి ఇంటి గోడను పడగొట్టాయి. గోడ కట్టుకోవడం ఎలాగూ తప్పదు, అడవి కూడా కట్టాల్సిందేనని ఆమె ఆ రోజే తీర్మానించుకుంది.

అంతవరకు సంఘం వాళ్లు నల్ల ప్లాస్టిక్ కవర్లలో మొక్కలు పెంచేవారు. మోకాలి లోతు బురదలో నిలబడి కవరు చించితే దాంతోపాటు మొక్క వేళ్లూ తెగేవి. చించిన కవర్లు పోటుకు కొట్టుకుపోయి, మర్నాడు వాళ్ల మొగుళ్ల వలల్లోనే చిక్కుకునేవి. సముద్రాన్ని కాపాడటానికి సముద్రంలో చెత్త వేయడం మనుషులకే చేతనైన విద్య.

నిరుపమ చేసిన మొదటి కుండీలు, అంటే నా అన్నలు, ఘోరంగా ఓడిపోయారు. నారు మడిలో నీళ్లు తాగి ఉబ్బి, మొక్క ఎత్తగానే చేతుల్లోనే విడిపోయారు. వేళ్లు గాలికి ఎండి మొక్కలన్నీ చచ్చాయి. సంఘానికి ఒక నాట్ల కాలం వృథాగా పోయింది. ఇక ఈ పేటకు రావద్దని నిరుపమ మొహం మీదే చెప్పేశారు. ఆవిడ తలవంచుకుని వెళ్లింది గానీ పని మానలేదు. నార సరిగా ఆరకుండానే కలిపినందువల్ల పాలిస్టర్ దాన్ని పట్టుకోలేదని తేల్చుకుంది. నార ఆరబెట్టే పద్ధతి మార్చి, రెంటికీ పొత్తు కుదిరేదాకా అచ్చులు పోస్తూనే ఉంది. అలా వచ్చిన వాళ్లలో నేనొకణ్ణి.

మమ్మల్ని గంపలో పెట్టుకుని నిరుపమ మళ్లీ వచ్చినప్పుడు పలకరించింది పోలేశ్వరి ఒక్కతే. ఆమె తోడికోడలు బంగారమ్మ సంఘానికి పెద్ద. ఆమెకు ఒళ్లు మండింది.

"ఏటే, మళ్లీ ఆ అరటి కుండీలేనా? పోయినేడు మొక్కలన్నీ సచ్చిపోనేదా?"

"సచ్చిపోయినాయి అక్కా. కవర్లలోయి కూడా సగం సచ్చిపోతన్నాయి కదా. ఆటిని మాత్రం ఏటేటా ఏస్తన్నాం."

బంగారమ్మ ఒప్పుకోలేదు. సంఘం మొక్కలు కవర్లలోనే పెరిగాయి. పోలేశ్వరి మాత్రం తన పెరట్లో మాలో ఏటి ఒండ్రు నింపి, మడ విత్తనాలు గుచ్చింది. పొద్దున్నే వచ్చి ఒక్కో కుండీనీ బొటనవేలితో నొక్కి చూసేది. ఆ వేలి కింద మెత్తబడకూడదని నేను బిగుసుకుని కూర్చునేవాణ్ణి.

నాటే రోజున పోటు తీసి నీళ్లు వెనక్కి పోయే వేళ చూసుకుని అందరూ నావ ఎక్కారు. మలుపులో ఒక మరపడవ లేపిన అలకు నావ ఒరిగింది. గంప తిరగబడింది. మేం ఒకరి మీద ఒకరం దొర్లి చెక్కలకు కొట్టుకున్నాం. పోలేశ్వరి ఒక్కొక్కరినీ లేపి చూసింది. నా అంచు చిట్లింది గానీ అడుగు ఊడలేదు, మొక్క వంగలేదు. పక్కన కూర్చున్న బంగారమ్మ నన్ను తీసి ఒళ్లో పెట్టుకుంది.

మొక్కను నాతో సహా బురదలో పాతారు. చించడం లేదు, తెంపడం లేదు. పోట్లు వచ్చాయి, వెళ్లాయి. ఉప్పునీళ్లు నార వెంబడి నాలోకి దారి చేసుకున్నాయి. ఆ దారుల్లోనే కంటికి కనిపించని ప్రాణులు చేరి నన్ను కొరకడం మొదలుపెట్టాయి. ఒకనాడు లోపలి నుంచి ఒక వేరు నా గోడను నెట్టింది. నేను అడ్డం నిలవలేదు.

వానలు వెనకబట్టాక నిరుపమ చూడటానికి వచ్చింది. పరీక్షకు ఒక ముక్క కావాలని బురదలో చెయ్యి పెట్టి నన్ను తడిమింది.

"లాగకండమ్మా," అంది పోలేశ్వరి. "మొక్క పట్టుకుంది."

నిరుపమ చెయ్యి వెనక్కి తీసుకుంది. అవతల బంగారమ్మ కవర్లలోంచి తీసి నాటిన తన వరుసలో చచ్చిన మొక్కలు పీకుతూ, వచ్చే నాట్ల కాలానికి ఆ కుండీలు సంఘానికంతా సరిపడా చేయగలరా అని అడిగింది. చేస్తానంది నిరుపమ.

మనుషులు తాము వాడే వస్తువు ఎంతకాలం మన్నితే అంత గొప్పదంటారు. నన్ను మాత్రం సమయానికి పోవాలని కోరి చేశారు. ఆ పని సగంలో వదిలే ఉద్దేశం నాకు లేదు. నా అడుగు ఇప్పటికే కరిగిపోయింది. మిగిలిన అంచు మీదికి ఒక ఎర్ర పీత ఎక్కి కూర్చుంది, దాని బరువుకు నేను మెల్లగా బురదలోకి దిగుతున్నాను. పోటు వచ్చే వేళయింది.