పుట్టగొడుగు దీపాలు

ఎమోకె కొండ ఊరు కొరొండ్‌లోని ఇంటికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. పొరుగూరి పసిపిల్లల బడిలో, పిల్లలు పడుకునే గదిలో ఏడు దీపాలూ తగిలించి వచ్చింది. నాలుగు నెలల పని అది. అడవిలో బీచ్ అనే పెద్ద చెట్ల మానుకు గుర్రపు గిట్టల్లా అతుక్కుని పెరిగే పుట్టగొడుగును కోసి తెచ్చి, లోపలి మెత్తటి పొరను చేత్తో లాగి లాగి జింకతోలులా సాగదీసి, ఇనుప చట్రాలకు తొడిగింది. ఊళ్ళో ఆ పొరతో తరతరాలుగా టోపీలే కుట్టారు. దీపాలు చేద్దామన్న ఆలోచన ఎమోకె ఒక్కదానిదే.

కోటు విప్పుతుండగా షెడ్డులోంచి మామగారు దేనెష్ పిలిచాడు. యాభై ఏళ్ళు టోపీలు కుట్టిన మనిషి.

"అమ్మాయ్, ఏదో కమురుతోందిక్కడ. నీకు రావట్లా వాసన?"

"పొయ్యి వాసనేమో, మామయ్యా."

"పొయ్యి వాసన నాకు తెలీదూ? ఇది మన సరుకే."

బల్ల కింద తుక్కుబుట్టలో దొరికింది. అరచేయంత పొర ముక్క. మంట లేదు, పొగ కూడా కనీకనపడనంత. నడిమధ్యన నల్లటి చిల్లు, దాని అంచు చుట్టూ ఎర్రటి దారంలాంటి గీత. చూస్తుండగానే ఆ గీత గింజంత దూరం ముందుకు పాకింది.

ఎమోకెకు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. పొద్దున ఎనిమిదింటికి ఒక దీపం కొక్కెం సరిగా పట్టకపోతే, ఆలస్యమవుతోందన్న తొందరలో ఇనుము అరగదీసే గ్రైండరు తీసి అక్కడే అరగదీసింది. రవ్వలు ఎటు పడ్డాయో చూసుకోలేదు. తయారైన ఏడు దీపాలూ ఆ బల్ల మీదే ఉన్నాయి.

"ఇది ఎంతసేపు రాజుకుంటూ ఉంటుంది, మామయ్యా?"

"మా తాత ఇంత ముక్కకి నిప్పు తగిలించి రేకుడబ్బాలో పెట్టుకుని పొద్దున్నే కొండెక్కేవాడు. సాయంత్రం దాంతోనే పైపు ముట్టించుకునేవాడు. ఎందుకూ?" ఆమె మొహం చూసి ముసలాయన గొంతు మారింది. "గ్రైండరు పట్టావా? దీపాలు పక్కన పెట్టుకునే?"

ఆమె అప్పటికే ఫోను చెవికి ఆనించింది. మోగుతోంది, ఎవరూ తీయడం లేదు. పిల్లలు పడుకునే వేళవుతోందని టీచర్లు ఫోన్ల గొంతు నొక్కి సొరుగులో పడేయడం తను వచ్చేసే ముందు కళ్ళతో చూసింది. మళ్ళీ చేసింది. మళ్ళీ. వ్యాను తాళాలు లాక్కుని బయటికి పరుగెత్తింది.

దారంతా మంచు గడ్డకట్టి ఉంది. ముందు ఒక దుంగల లారీ నింపాదిగా పోతోంది, దాటి పోయేందుకు చోటు లేదు. హారన్ కొడితే డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపాడు, పలకరింపనుకుని. పోయిన నెల తల్లిదండ్రుల సమావేశంలో తను అన్న మాటే చెవుల్లో మోగుతోంది: "ఈ బల్బు వేడెక్కదండీ, మీకేం భయం అక్కర్లేదు." బల్బు సంగతి సరే. ఇరవై రెండు మంచాలు. ప్రతి మంచం మీదా ఉన్ని దుప్పటి.

తలుపు తీసిన పెద్ద టీచరు కింగా పెదవుల మీద వేలు పెట్టింది. "మెల్లగా! ఇప్పుడే పడుకున్నారు."

"పిల్లల్ని బయటికి పంపించండి, టీచరుగారూ. దీపాల్లో నిప్పురవ్వ పడిందేమో."

కింగా వెంటనే లోపలికి వెళ్ళి లైటు వేసి చప్పట్లు కొట్టింది. "లేవండి, లేవండి! బూట్లు అక్కర్లేదు, అందరూ వంటగదిలోకి!" కొందరు ఏడుపు లంకించుకున్నారు, ఒక పిల్ల దుప్పటి ఈడ్చుకుంటూ నిద్రలోనే నడిచింది.

గది ఖాళీ అయ్యాక ఎమోకె నిచ్చెన ఎక్కింది. బయట అరచేత్తో తడిమి, లోపల వేళ్ళతో ప్రతి మడతా వెతికి, ముక్కు ఆనించి వాసన చూసింది. మొదటిది చల్లగా ఉంది. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర వెచ్చగా అనిపించింది, తీరా చూస్తే కిటికీలోంచి పడ్డ ఎండ. నాలుగోదాంట్లో ఏమీ లేదు. అంతా నా భయమేనేమో, పసివాళ్ళని అనవసరంగా లేపానేమో అనుకుంటూ ఐదోదాని లోపలి మడతలో వేళ్ళు పెట్టింది. చురుక్కుమంది.

కొక్కెం విప్పి దించుతుంటే గాలి తగిలి లోపల ఎర్రగా మెరిసింది. బూడిదపొర ఒకటి రాలి కింద మంచం మీద పడింది. దీపాన్ని రెండు చేతులతో పట్టుకుని పెరట్లోకి పరుగెత్తి మంచులో కూరింది. బుస్సుమంది. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు కొయ్యబారేదాకా మంచు అదుముతూనే ఉంది. తర్వాత తిరిగి వెళ్ళి, ఏమీ లేకపోయినా సరే, మిగతా ఆరూ దించేసింది.

పిల్లలు వంటగదిలో పళ్ళ జామ్ రాసిన రొట్టె తింటున్నారు. వాళ్ళకిదో పండగలా ఉంది. కింగా ఎమోకెను వరండాలోకి లాక్కెళ్ళింది. తలుపు దగ్గరికి వేసింది.

"తల్లిదండ్రులకి వైరు తేడా అని చెప్దాం. ఈ దీపాలకి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేను. నీ బతుకూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది."

ఎమోకెకు ఆ మాట ఎంత హాయిగా తోచిందంటే, ఔనని తల ఊపబోయింది కూడా.

"వద్దు, టీచరుగారూ. భయం అక్కర్లేదని వాళ్ళకి మాట ఇచ్చింది నేనే. నేనే చెప్తాను."

మూడున్నరకి గేటు దగ్గర నిలబడింది. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు అదే మాట చెప్పింది: పొద్దున నా తొందరవల్ల రవ్వ పడింది, చూసుకోలేదు, ఒక దీపం రాజుకుంది, పిల్లలకేం కాలేదు. ఒక తండ్రి, "చెట్టు మీద బూజు తెచ్చి మా పిల్లల నెత్తిన కట్టావా?" అని ఊరందరికీ వినిపించేలా అరిచాడు. ఒకామె ఏమీ అనకుండా పిల్లాణ్ణి ఎత్తుకుని గబగబా వెళ్ళిపోయింది. అరిచినవాడే నయమనిపించింది ఎమోకెకు.

దాదాపు అందరూ వెళ్ళాక తలగుడ్డ కట్టుకున్న ఒక ముసలమ్మ మనవరాలి కోసం వచ్చింది. అంతా విని, "ఆ దీపం ఏ మంచం మీద ఉంది?" అంది.

"అవ్వా..."

"ఏ మంచం మీదమ్మా? చూపించు."

ఎమోకె లోపలికి తీసుకెళ్ళి చూపించింది. మంచం తలవైపు అంటించిన కాగితం మీద, పేరుకి బదులు, బాతు బొమ్మ ఉంది. ముసలమ్మ మనవరాలి వైపు తిరిగింది.

"నీదేనా, బంగారూ?"

"కాదవ్వా, అది చొంగోర్‌ది. నాది కుందేలు."

ముసలమ్మ బాతు మంచం మీది బూడిదను అరచేత్తో తుడిచి, దుప్పటి దులిపి, నాలుగు మడతలు పెట్టింది. "చొంగోర్ వాళ్ళమ్మకి చెప్పావా?"

"ఇంకా రాలేదు."

"అయితే వచ్చేదాకా నీతో ఉంటాను. ఒక్కదానివే చెప్పకు," అని, కోటు విప్పకుండానే ఆ బుల్లి మంచం అంచున కూర్చుంది.