సోమరాజు మొహం

ఏలూరు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే కృపావరం మాస్టారు శనివారం వచ్చిందంటే ఇంటి పట్టున ఉండేవాడు కాదు. దొరగారొకరు స్వదేశానికి వెళ్ళిపోతూ ఇచ్చిన తోలు మడతల కెమెరా, దాని ముక్కాలి స్టాండు, ఫిల్ముకు బదులు వాడే నాలుగైదు గాజు ప్లేట్లు సంచిలో సర్దుకుని కొల్లేటి మీదికి పోయేవాడు. స్టూడియో ఫొటోలంటే ఆయనకు చిన్నచూపు. కుర్చీలో బిగుసుకు కూర్చుని కెమెరా వంక గుడ్లప్పగించే మనుషుల్ని తియ్యడం కూడా ఒక పనేనా అనేవాడు. తియ్యవలసింది వెలుగుని, నీటిని.

ఇంటి వెనక కట్టెల గది కంతలన్నిటికీ గోనెలు కుక్కి, లాంతరుకు ఎర్రగుడ్డ చుట్టి, ప్లేట్లు అక్కడే కడిగేవాడు. ప్లేట్లు కడిగే హైపో మందు వాసన అన్నంలోకి కూడా వస్తోందని భార్య మార్తమ్మ గొణిగేది.

కొల్లేట్లో ఆయన్ని దోనె మీద తిప్పేది గుడివాకలంక సోమరాజు. ముప్పై ఏళ్ళుంటాయి. చేపలు పట్టుకుని బతికేవాడు. పంతొమ్మిది వందల ముప్పై ఆరు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అడిగాడు.

"ఇన్నాళ్ళూ కొంగల్నీ తామరాకుల్నీ తీశారు మాస్టారూ. ఓసారి నన్ను కూడా తియ్యండి."

కృపావరానికి ఆ ఆలోచన నచ్చింది. స్టాండు ఒడ్డున పాతి, సోమరాజును దోనె కొసన నిలబెట్టి, తల మీద నల్లగుడ్డ కప్పుకుని కెమెరాలో చూసుకుని, వల విసరమన్నాడు. ఎండ సోమరాజు మొహాన పడుతోంది. మీట నొక్కే క్షణానికి అతను వల సంగతి మరిచిపోయి, కెమెరాలోకి చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"ఇటు చూడొద్దని చెప్పానా? నవ్వేసి బొమ్మంతా పాడుచేశావు," అన్నాడు కృపావరం.

"మిమ్మల్ని చూస్తే నవ్వొచ్చిందండి. ఆ గుడ్డ కప్పుకుని..."

ఈసారి దోనెను గట్టుకు అవతలి పక్కకు తిప్పించి, సూర్యుడు సోమరాజు వీపు వెనక ఉండేలా చూసి, రెండో ప్లేటు తీశాడు.

కడిగితే రెండోది అద్భుతంగా వచ్చింది. కరిగిన వెండిలాంటి నీళ్ళు, గాలిలో విచ్చుకున్న వల, వాటి నడుమ నల్లటి మనిషి ఆకారం. మొదటి ప్లేట్లో సోమరాజు ముందుపళ్ళ సందు, గడ్డం మీది మశూచి మచ్చలు కూడా తెలుస్తున్నాయి. కాగితం మీద దాని అచ్చు చూసి మార్తమ్మ, "ఇది కూడా బాగానే ఉంది కదండీ. అతనికిచ్చెయ్యండి," అంది.

"ఇలాంటిది నా చేతి మీదుగా బయటికి పోకూడదు," అన్నాడాయన. అచ్చు చింపేశాడు. సోడా కలిపిన వేడినీళ్ళలో ఆ ప్లేటు నానబెట్టి, మీది బొమ్మ పొరను వేలితో రుద్ది కడిగేశాడు. మిగిలిన గాజుపలకను రెండో బొమ్మ ఫ్రేముకు అద్దంగా బిగించాడు.

ఆ రెండో బొమ్మకే మద్రాసు ఫొటో పోటీలో వెండి పతకం వచ్చింది. హెడ్మాస్టరు నిత్యానందం గారు స్కూల్లో సభ పెట్టి దండ వేశారు. సోమరాజు రెండుసార్లు కనబడి, "నా బొమ్మండీ," అన్నాడు. రెండుసార్లూ, "ఇస్తాలే," అన్నాడు కృపావరం.

అక్టోబరు గాలివానకు సోమరాజు దోనె బోల్తాపడింది. మూడోనాడు శవం తేలింది. ఉబ్బిపోయిన ఆ మొహాన్ని అతని భార్య పైడమ్మను చూడనివ్వలేదు.

నెలరోజులకు పైడమ్మ ఏలూరు వచ్చి, మాస్టారి అరుగు దగ్గర నిలబడింది.

"మా ఆయన బొమ్మ మీ దగ్గరుందంటండి. పిల్లకింకా ఏడాదిన్నరేనండి. రేపు మా అయ్య ఎలా ఉంటాడని అడిగితే చూపించాలి కదండీ."

కృపావరం గోడ మీది ఫ్రేము దించి ఆమె చేతికిచ్చాడు. పైడమ్మ దాన్ని వెలుగులోకి పట్టుకుంది. కొంగుతో అద్దం తుడిచి మళ్ళీ చూసింది.

"మొహం ఏదండీ?"

"ఎండకు ఎదురుగా తీశానమ్మా. అందుకని నల్లగా..."

"ఈ మనిషి ఎవరైనా కావచ్చు కదండీ."

మొహం కనబడేలా ఇంకో అచ్చు తీస్తానని, మర్నాడు రమ్మని చెప్పి పంపాడు. ఆ పూట స్కూలుకు పోలేదు. మొహం తేలుతుందేమోనని ఆ రెండో ప్లేటుకు పాదరసం మందు పట్టించి చూశాడు. ప్లేటు కింద కాగితం పెట్టి ఎండలో అరనిమిషం ఉంచి ఒక అచ్చు, రెండు నిమిషాలుంచి మరొకటి తీశాడు. మొహం ఉండవలసిన చోట ప్లేటు మీద ఏమీ లేదు, వట్టి గాజు. వెలుగు పడనిచోట ఏ మందూ మనిషిని తేలేదని ఆయనకు ముందే తెలుసు. అయినా గదిలో కట్టిన తీగకు పదకొండు అచ్చులు వేలాడదీశాడు. పదకొండింటిలోనూ నల్లమచ్చే.

"ఆ మొదటిది ఉంచి ఉంటే..." అంది మార్తమ్మ గుమ్మంలోంచి.

మర్నాడు పైడమ్మ వచ్చేసరికి, ప్లేటు పగిలిపోయిందని చెబుదామనుకున్నాడు. మార్తమ్మ పక్కనే నిలబడి ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాడు.

పైడమ్మకు పొరలూ మందులూ అర్థం కాలేదు. ఒక్కటే పట్టుకుంది.

"అయితే మొహం తెలిసేది కూడా తీశారన్నమాట."

"తీశాను. నవ్వాడు. అందుకని..."

"నవ్వితే బొమ్మ పాడైపోద్దాండీ?"

కృపావరం ఫ్రేమును ఆమెకిచ్చెయ్యబోయాడు. ఆమె చేతులు చాపలేదు. "మీకు బహుమానం వచ్చింది కదండీ, మీరే ఉంచుకోండి," అంది. ఎత్తిపొడుపులా లేదు. మార్తమ్మ మజ్జిగ తెచ్చేలోగా వెళ్ళిపోయింది.

కృపావరం తరవాత కూడా ఫొటోలు తీశాడు. కొల్లేటి మీదికి మాత్రం పోలేదు. ఆ ఫ్రేమును ఇంట్లో ఉంచుకోలేక స్కూలుకిచ్చేస్తే, నిత్యానందం గారు సంబరపడి తన గదిలో తగిలించారు.

ఏడాదికి ఇన్స్పెక్టరు గారు తనిఖీకి వచ్చి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

"చాలా బాగుంది. ఎవరీ మనిషి?"

"ఎవరో పల్లెవాడండీ," అన్నారు హెడ్మాస్టరు. "తీసింది మన కృపావరమండీ. మద్రాసులో పతకం వచ్చింది."

ఇన్స్పెక్టరు, తలుపు దగ్గర నిలబడ్డ కృపావరం వైపు తిరిగి చెయ్యి చాపారు. సోమరాజు పేరు కృపావరం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ తరవాతి కథ కూడా చెప్పాలి.

"థాంక్యూ సర్," అని చెయ్యి కలిపాడు.