అమావాస్య కాని రోజు

మా ఇంట్లో ఫోను మోగితే ఎత్తకూడదు. ఆ చట్టం పెట్టింది నేనే. అందుకే ఆ మార్చి నెలలో జరిగినదానికి ఎవరినైనా తిడదామని చూస్తే, నాకు నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు.

నా పేరు అరుణజ్యోతి. ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. మా ఆయన చిన్న ఈరన్న కూడా పదేళ్లు చీరలు నేసినవాడే. మగ్గాన్ని నమ్ముకుంటే కడుపు నిండదని తేలాక బెంగళూరులో ఒక హోటల్లో చేరి వంట నేర్చుకున్నాడు. ఆ హోటలాయన బంధువు జపాన్‌లో సెండాయ్ అనే ఊళ్లో ఇండియా భోజనం హోటలు పెడితే అక్కడికి వెళ్లాడు. ఇంట్లో నేనూ, మా వదిన వెంకటలక్ష్మమ్మా మిగిలాం. వదినంటే ఆయన అక్క. తల్లి పోయినప్పుడు ఆయనకు రెండేళ్లు, ఆమెకు పన్నెండు. చంకనేసుకుని పెంచింది. భర్త పోయాక మా దగ్గరే ఉంటోంది. నేను మగ్గం నేస్తుంటే ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంది.

చట్టం ఏమిటంటే, రోజూ పొద్దున ఆరున్నరకు, అక్కడ పొయ్యి వెలిగించే ముందు, ఆయన రెండు రింగులిచ్చి పెట్టేస్తాడు. బాగున్నాను, పనికి పోతున్నాను అని దానర్థం. మేమూ తిరిగి రెండు రింగులిస్తాం. మాటలు మాత్రం అమావాస్యకే. ఆ రోజు మా వీధిలో మగ్గాలు ఆడవు, చప్పుడుండదు. ఎత్తితే డబ్బు పోతుంది గనక, ఆయన నెలకొకటి కొనే ఫోను కార్డును ఆ పూటకే దాచుకుని, నెల కబుర్లన్నీ అప్పుడు చెప్పుకుంటాడు.

పోయిన కార్తీకంలో ఒకనాడు, అమావాస్య కాకపోయినా, వదిన రెండో రింగు మోగేలోపు ఫోను ఎత్తేసింది. ఎత్తింది ఊరుకుందా? మేక ఈనిందని, రెండు పిల్లలని, ఒకటి నల్లది, ఒకటి మచ్చలదని, మచ్చలది పాలు తాగట్లేదని మొదలుపెట్టింది. కార్డు అయిపోయేదాకా మేకే. ఆ నెల అమావాస్యకు నాకు మాటల్లేవు. నాకేమో నోరు పెద్దది. "ఇంకోసారి ఆ ఫోను ముడితే చేతులు ఇరుస్తా చూడు" అన్నాను. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దదాన్ని పట్టుకుని. ఆ రోజు నుంచి ఫోను మోగితే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దాన్ని చూస్తూ కూర్చునేది.

ఆ శుక్రవారం పొద్దున కూడా రెండు రింగులు వచ్చాయి. మేమూ ఇచ్చాం. మధ్యాహ్నం టీ అంగడి శేషన్న మా గుమ్మంలోకి వచ్చి, "జ్యోతమ్మా, చిన్న ఈరన్న ఉండేది జపాన్‌లో యా ఊరు?" అన్నాడు. చెప్పాను. ఆయన మొహం చూసి వెనకే పరుగెత్తాను.

ఆయన అంగడిలో టీవీ ఉంది. భూకంపం వచ్చిందట, సముద్రం పొలాల మీదికి వస్తోంది. కార్లు, పడవలు, ఇళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. కింద తెలుగు అక్షరాల్లో సెండాయ్, సెండాయ్ అని పరుగెడుతోంది. ఆ పేరు మా ఇద్దరికి తప్ప ఈ ఊళ్లో ఎవరికీ తెలియదనుకునేదాన్ని. ఆ సాయంత్రానికి బజారంతా అదే పేరు.

ఫోను చేస్తే ఒక ఆడమనిషి మెత్తటి గొంతుతో వాళ్ల భాషలో ఏదో చెప్పి పెట్టేసేది. శుక్రవారమంతా ఆమే, శనివారమంతా ఆమే. శనివారం ఆరున్నరకు రింగులు రాలేదు. వదిన, ఊరుకుంద అనే ఊళ్లో వెలసిన ఈరన్న స్వామికి ముడుపు కట్టి, పచ్చి గంగ కూడా ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. నేను మగ్గం గుంతలోకి దిగాను. చేతులు ఆడుతుంటే తల కాసేపు ఆగుతుందని నా ఆశ. ఆగలేదు.

ఆ సాయంత్రమే అణు కేంద్రం పేలిందని టీవీలో చూపించారు. తెల్లటి పొగ. అది సెండాయ్‌కి వంద కిలోమీటర్లు కూడా లేదట. అంగడి దగ్గర ఒకాయన, "ఆ గాలి మన దాకా వస్తే ఎట్లప్పా, సముద్రం ఉప్పు గూడా పనికిరాదంట, ఇప్పుడే కొని పెట్టుకోవల్ల" అన్నాడు.

"ఈడ నా మొగుడు ఉండాడో లేదో తెలీదు, నీకు ఉప్పు కావల్సొచ్చిందా?" అన్నాను. ఆయన గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. శేషన్న ఒక టీ నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి వదినకు చెప్పక తప్పలేదు. ఆమె గోడ వదిలి నా వైపు జరిగింది.

"ఆ గాలి కంటికి కనపడతాదా?"

"కనపడదంట."

"వాసన?"

"అదీ లేదంట."

"మల్ల వాడు యాడికని పరిగెత్తల్ల?"

నేను మళ్లీ ఆయన నంబరు నొక్కాను.

ఆదివారం. టోక్యోలో మన రాయబార కార్యాలయం నంబరు టీవీలో వేస్తున్నారని శేషన్న కబురు పెట్టాడు. మా ఫోనులో చార్జింగు ఒక్క గీతే ఉంది, కరెంటు అప్పుడే వచ్చింది. దాన్ని గోడకు తగిలించి, "చూస్తాండు వదినా, మోగితే కేకెయ్యి" అని చెప్పి పరుగెత్తాను. ఎత్తమని చెప్పలేదు. ఎన్నిసార్లు తలచుకున్నా అంతే, చెప్పలేదు.

శేషన్న ఫోను నుంచి రెండు గంటలు తిప్పాం. లైను దొరకలేదు. ఎండలో నడిచి ఇల్లు చేరేసరికి వదిన దేవుడి గూట్లో దీపం పెట్టి ఉంది. తల దువ్వుకుంది. చేతిలో బెల్లం ముక్క.

"వచ్చిండాది మే! చిన్నోడు రింగిచ్చినాడు! ఒకటి గాదు, రెండు గాదు, మోగతానే ఉండె. ఆగిపోయి మల్ల మోగె. నువ్వు పోయిన రవ్వంతసేపటికే. కేకేస్తే నీకు యాడ ఇనపడతాది అంత దూరం!"

"ఎత్తినావా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "యాడ ఎత్తేది? అమావాస్య గాదు గదా."

నేను అక్కడే నేలమీద కూలబడ్డాను. ఆమె బెల్లం నా నోట్లో పెట్టబోయింది. అరుద్దామని నోరు తెరిచాను. ఆమె చేతులు కనిపించాయి. విరుస్తానన్న చేతులు. బెల్లం తిన్నాను. ఇంకేం చెయ్యను?

నంబరు చూస్తే ఆయనది కాదు. ఎప్పుడూ చూడనిది, చాంతాడంత ఉంది. తిరిగి చేస్తే మోగనే లేదు. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. చేసింది ఆయనే అని ఎవరు చెప్పారు? ఆసుపత్రివాళ్లు కావచ్చు. పోలీసులు కావచ్చు. ఒక మనిషి జేబులో కాగితం మీద మా నంబరు దొరికి, ఇంటివాళ్లకు చెప్పాలి కదా అని చేసి ఉండవచ్చు. లేకపోతే అంతసేపు, అదీ రెండుసార్లు మోగించే పని ఎవరికుంటుంది?

ఆ మాట వదినతో అనలేదు. ఆమె రెండు రోజుల తర్వాత ఆ పూట కంచం ముందు కూర్చుంది. ఆ నమ్మకం మీద కూడా నీళ్లు చల్లేంత పాపిష్టిదాన్ని కాలేకపోయాను.

సోమవారం ఇంకో పేలుడు. మంగళవారం ఇంకోటి. కిటికీలు మూసుకోండి, బయటికి రాకండి అని అక్కడివాళ్లకు చెబుతున్నారట. నేను నేస్తూనే ఉన్నాను. చీర అంచు వంకర పోయింది, విప్పాను, మళ్లీ వంకర పోయింది. అలసట అంటే ఇదా అనిపించింది. ఏడుపు రాదు, నిద్ర రాదు, ఒంట్లో ఉప్పూ కారం లేనట్టు ఉంటుంది. వదిన మాత్రం పూటపూటకూ అన్నం పెట్టుకుని పెరట్లోకి వెళ్లి తినొస్తోంది. నాకూ పెడుతోంది. "తిను మే, వాడు బాగుండాడు గదా" అంటోంది. ఒక పక్క ఆమె మీద కోపం, ఇంకో పక్క ఆమె ధైర్యం చూస్తే అసూయ.

మంగళవారం సాయంత్రం నీళ్లకని పెరట్లోకి వెళ్లాను. మచ్చల మేకపిల్ల మూతినిండా అన్నం మెతుకులు. పక్కన వదిన కంచం, నాకి నాకి తళతళలాడుతోంది. వెనక్కి తిరిగితే వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆదివారం నుంచి ఇంతేనా?" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేసింది వాడో, ఇంకెవురో. ఎత్తింటే తెలిసేది. నేను తినకుంటే నువ్వూ తినవు గదా మే, అందుకని..."

అంటే ఆమెకూ తట్టింది. రెండు రోజులుగా ఒకరికొకరం దాచుకుని తిరుగుతున్నాం. తిట్టే ఓపిక నాకు లేదు, ఏడ్చే ఓపిక ఆమెకు లేదు. ఆ కంచమే కడిగి ఇంత అన్నం పెట్టుకుని ఇద్దరం చెరో నాలుగు ముద్దలు మింగాం.

బుధవారం పొద్దున వదిన ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కనే కూర్చున్నాను. ఆరున్నర అయింది.

మోగింది.

ఈసారి ఆయన నంబరే. వదిన బొటనవేలు మీట మీదికి పోయింది. నా వైపు చూసింది. రెండో రింగు. వదిన మీట నొక్కేలోపు ఆగిపోయింది.

ఆయన ఫోను ఇంకొకరికి దొరికితే ఎత్తేదాకా మోగిస్తారు. సరిగ్గా ఆరున్నరకు, సరిగ్గా రెండు రింగులిచ్చి పెట్టేసే పిచ్చి మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు.

"వాడే మే," అంది వదిన. "వాడే."

నేను ఫోను లాక్కుని తిరిగి చేశాను. రెండు రింగులిచ్చి పెట్టేయడానికో, మాట్లాడడానికో నాకే తెలియదు, వేళ్లు వాటంతటవే నొక్కాయి. మొదటి రింగు సగంలోనే ఆయన ఎత్తాడు.

ఆయన ఊపిరి వినిపిస్తోంది. చివరికి వదిన ఫోను దగ్గర నోరు పెట్టి, "ఎందుకెత్తినావురా, అమావాస్య గాదు గదరా!" అని బావురుమంది.

ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. హోటలు గోడలు చీలాయట. సముద్రం అంత దూరం రాలేదట. ఒక బడిలో ఉన్నారట, మూడొందల మంది. హోటలు గ్యాసు బండలు, బియ్యం అక్కడికి మోసుకెళ్లి వండిపెడుతున్నాడట. బడిలో కరెంటు ఇంజను పెట్టినాక ఆయన ఫోను ఇప్పుడే బతికిందట.

"ఆ గాలి?" అన్నాను.

"ఈడ తక్కువే అంటాండారు. బస్సు దొరికితే టోక్యోకు పోతాము. ఆడినుంచి ఇంటికి." గొంతు మార్చి అడిగాడు. "ఆదివారం ఎందుకెత్తల్యా? బడిలో దుడ్డు లేకుండా మాట్లాడనీకి ఒక ఫోను పెట్టినారు. మంచు పడతాంటే నాలుగు గంటలు వరసలో నిలబడి చేస్తి. రెండుసార్లు. ఎవురూ ఎత్తల్యా. అంతసేపు మోగినా ఎత్తలేదంటే మీకేమన్నా అయ్యిందేమో అనుకుంటి. ఈడ భూమి ఇంకా అదరతానే ఉండాది, నాకు మాత్రం ఈ మూడు దినాలూ మీ దిగులే."

వదిన మొహం గోడకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"నేనే," అన్నాను. "ఎత్తొద్దని నేనే చెప్పింటి. నాదే తప్పు."

"సర్లే. ఇద్దరూ తిన్యారా?" అన్నాడు. తిన్నామని చెప్పేలోపు లైను పోయింది. తిరిగి చేస్తే మళ్లీ ఆ మెత్తటి గొంతు ఆడమనిషే.

వదిన కళ్లు తుడుచుకుని ఫోను తీసి నా ఒళ్లో పెట్టింది. "నీ దగ్గరే ఉండనీ మే. నాకు శాతగాదు."

నేను దాన్ని తీసి మళ్లీ ఆమె చేతుల్లో పెట్టి, వేళ్లు మూశాను. నూలు తీసి తీసి ఆ వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి.

"నీ దగ్గరే పెట్టుకో వదినా. మోగితే ఎత్తు."

"ఎన్నో రింగుకు?"

"మొదటిదానికే."