పెదవి కలిసే నెల

ఆదోని ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు గది ముందు కాలు పెట్టడానికి సందు లేదు. ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకే వచ్చినా వీరేష్ వాళ్ల వంతు ఇంకా రాలేదు. అతని భార్య పద్మ గోడవైపు తిరిగి కూర్చుని, ఇరవై రోజుల బిడ్డ ముఖం మీద కొంగు కప్పింది. ఆ ఉక్కలో బిడ్డ ముక్కుతూ మూలుగుతోంది.

"కొంగు తీయమ్మా, గాలాడాల గదా పాపకి," అంది పక్కనున్న ముసలామె. "ఏమైంది?"

"ఏంల్యా అవ్వా, జలుబు," అన్నాడు వీరేష్, పద్మ నోరు తెరవకముందే. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు అతనికే సిగ్గేసింది.

బిడ్డ పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. ఊళ్లో దాన్ని గ్రహణం మొర్రి అంటారు. ఆ పేరులోనే నేరం ఉంది, నేరస్తురాలూ ఉంది. చన్ను పట్టడం బిడ్డకు చేతకాలేదు. గొంతులో పోసిన పాలు ముక్కులోంచి వచ్చేవి. పుట్టినప్పుడు రెండున్నర కిలోలున్న పిల్ల ఇప్పుడు రెండు కిలోలకు దిగింది. కాన్పు చేసిన డాక్టర్లు ఆ రోజే ఆదోనికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చారు. "ఆ మొగం పెట్టుకోని బస్సెక్కితే లోకమంతా సూస్తాది," అని వీరేష్ తల్లి మద్దమ్మ గడప దాటనివ్వలేదు. చీటీ అతని చొక్కా జేబులోనే ఉండిపోయింది.

గ్రహణం పట్టిన సాయంత్రానికి పద్మకు ఏడో నెల. మద్దమ్మ కోడల్ని మంచం మీద పడుకోబెట్టి, వేలు కూడా కదపొద్దని చెప్పి పక్కింటికి పోయింది. వీరేష్ నేస్తున్న చీర మర్నాడు పొద్దున్నే ఇచ్చెయ్యాలి. మగ్గం గుంతలోంచి అతనే పిలిచాడు. "పద్మా, వచ్చి ఈ దారాల కొసలు కత్తిరించుపో. తలుపేస్తా. ఎవురు సూస్తారు?" ఆమె రెండుసార్లు వద్దంది. మూడోసారి అతను విసుక్కున్నాడు. ఆమె లేచి కత్తెర అందుకుంది. ఏదో మరిచిపోయి తిరిగొచ్చి తలుపు తోసిన మద్దమ్మకు, కొడుకు పక్కనే ఉన్నా, కనిపించింది మాత్రం కత్తెర పట్టిన కోడలు ఒక్కతే.

"కన్నబిడ్డ మూతి కోసినావు గదే!" కాన్పయిన రోజు నుంచీ అదే మాట. వీరేష్ ఆ మాట వింటూనే మగ్గం నేశాడు. తలుపేసింది తనేనని ఒక్కసారీ చెప్పలేదు. పద్మ కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ బిడ్డను చూసి, పాలు పట్టడం నేర్పమని నర్సు షహనాజ్‌కు అప్పజెప్పింది. షహనాజ్ యాభై దాటిన మనిషి. బిడ్డ తల ఎత్తి పట్టి, ఉగ్గుగిన్నెతో పాలు కొంచెం కొంచెంగా వంచింది. బిడ్డ మింగింది. మళ్లీ మింగింది. పద్మకు దుఃఖం ఆగలేదు.

"గ్రహణంలో కత్తెర పట్టుకున్యా సిస్టరూ. నేనే కోసినా."

"ఎన్నో నెల్లో?"

"ఏడు."

షహనాజ్ నవ్వలేదు. "పెదవి ఎప్పుడు అతుక్కుంటాదో తెలుసా నీకి? రెండో నెల్లో. నెల తప్పిందా ల్యాదా అని నువ్వు ఇంకా వేళ్ల మీద లెక్కేసుకుంటాంటావే, అప్పుడు. చిక్కుడు గింజంత ఉంటాది బిడ్డ. గుండె అప్పటికే కొట్టుకుంటాంటాది. మొగానికి ఆ పక్కది, ఈ పక్కది జరుగుతా వచ్చి నడిమధ్యన కలుస్తాయి. కొందరికి కలవవు. ఎందుకని డాక్టర్లే ఖచ్చితంగా సెప్పలేరు. మూడు నెలలు దాటేలోపల మూతి, అంగిలి, వేళ్లు అన్నీ ఏర్పడిపోతాయి. ఏడో నెల్లో నువ్వు కోసేకి ఏముందమ్మా?"

"మరి ఏడో నెల్లో ఏం సేస్తాంటాది?"

"కండ్లు తెరుస్తాది. సప్పుళ్లు వింటాది. మీ మగ్గం సప్పుడు, మీ మాటలు, అన్నీ వినింటాది."

అయితే ఆ సాయంత్రం తను అన్న మాట కూడా వినే ఉంటుందనుకున్నాడు వీరేష్. తల వంచుకున్నాడు.

"బాగా పాలు పట్టి బరువు పెంచండి. అయిదు కిలోలైతే పెదవికి ఆపరేషన్ సేస్తారు. దుడ్లు అడగరు," అంది షహనాజ్. "ఇన్ని దినాలు ఎందుకు రాలేదప్పా?"

వీరేష్ జేబులోంచి నలిగిన చీటీ తీసి ఆమె ముందు పెట్టాడు.

బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడ్డప్పుడు అతని ఒంట్లోంచి పెద్ద బరువు దిగినట్టుంది. "గ్రహణం వల్ల కాదంట," అన్నాడు.

"మంచిదాయె నీకి," అంది పద్మ. "గ్రహణం వల్లే అయ్యింటే?"

అయ్యింటే ఆ నింద బతుకంతా ఆమెనే మొయ్యనిచ్చేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసన్నది ఇప్పుడు అతనికీ తెలిసింది.

ఇంటికొచ్చేసరికి మద్దమ్మ పక్కింటి లక్ష్మక్కతో అరుగు మీద ఉంది. "సోమారం ఉరుకుంద గుడికి పోదాం. ఈరన్న సామి ముందర తడిబట్టల్తో పొర్లుదండాలు పెట్టి, తప్పాయె సామీ అని సెప్పుకో," అంది కోడలితో.

"దండం పెడ్తా అత్తా. తప్పాయెనని మాత్రం సెప్పను."

"కత్తెర పట్టింది నువ్వు గాదా?"

పద్మ వీరేష్ వైపు చూడలేదు. చూసి ఉంటే అతను ఎప్పటిలాగే మగ్గం గుంతలోకి దిగిపోయేవాడేమో.

"కత్తిరించమన్నది నేనేమ్మా," అన్నాడు. "ఆయమ్మి వద్దన్యాది. తలుపేసింది గూడ నేనే."

మద్దమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత ఆమె ముఖం విప్పారింది. "సూస్తివా లక్ష్మక్కా నా కొడుకు మనసు! పెండ్లాం తప్పు తన నెత్తికేసుకుంటాండాడు."

"యాడుంటారు తల్లీ ఇట్లాంటి మొగుళ్లు! పెట్టి పుట్టినావు పద్మా," అంది లక్ష్మక్క.

తలుపేసింది తనేనన్న మాట వీరేష్ బిడ్డ పుట్టిన రోజే చెప్పి ఉంటే నిజంలా వినిపించేది. ఇప్పుడు మంచితనంలా వినిపించింది. ఆ మెప్పు అతని చెంపలను చెప్పుదెబ్బలా కాల్చింది. పద్మ బిడ్డతో లోపలికి పోయింది.

"కాదు. నేను సెప్పేది వినండి," అని, నమ్మని ఆ ఇద్దరి ముందు మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.