ఇటు మూడు, అటు మూడు

షెడ్డు రేకు తలుపు పైకెత్తి, చేతులు కడుక్కుందామని అతను వెనక వాకిట్లో కుళాయి దగ్గరికి వచ్చేసరికి అక్క వంటింటి గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు చెయ్యి చాపినంత దూరంలో బావ కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్లు బిగించుకుంటున్నాడు.

"ఒరేయ్, టీ చల్లారిపోతోందని మీ బావకి చెప్పు," అంది అక్క.

"టీ చల్లారిపోతోందట బావా."

"చక్కెర తగ్గించిందేమో అడుగు. నిన్నటిది నోట్లో పెట్టుకుంటే ఒట్టు."

"అక్కా, చక్కెర..."

"తగ్గించాను. ఆయన నాలుకకి ఏదీ పట్టదని కూడా చెప్పు."

"తగ్గించిందట బావా," అన్నాడు అతను. గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుని బావ చేతికిచ్చాడు.

నాలుక సంగతి బావకు వినపడలేదని కాదు. వినపడింది. కానీ ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. అక్క మాటయినా బావ మాటయినా అతని నోటి మీదుగా వస్తేనే చెల్లుతుంది. అతను ఏ మాట వదిలేస్తే ఆ మాట అననట్టే లెక్క. "మీ బావకి బుద్ధుందా" అన్నది అతని దగ్గరికొచ్చి "కాస్త ఆలోచించావా బావా" అయ్యేది. బావ ఆ రెండో దానికే జవాబు చెప్పేవాడు. కొత్తలో ఒకసారి విసుగొచ్చి, మీలో మీరే మాట్లాడుకోండని అతను మూతి బిగించుకుని కూర్చున్నాడు. ఆ రోజు వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది. చీకటి పడ్డాక అతనే లేచి, "భోజనానికి రమ్మంటోంది బావా" అన్నాడు. నిజానికి అక్క ఆ మాట అనలేదు.

వీధిలో వాళ్లు అతన్ని టపా అని పిలిచేవారు. అసలు పేరు చాలామందికి తెలియదు. "ఏం టపా, ఇవాళ బట్వాడా అయిందా?" అని టీ కొట్టాయన అడిగితే, నవ్వి ఊరుకునేవాడు.

ఇదంతా ఒక కుట్టుమిషనుతో మొదలైంది. షెడ్డు పెట్టిన కొత్తలో, ఇంజన్లు పైకి లేపే చైన్ కప్పీ కొనడానికి బావ అక్కను అడక్కుండా ఆమె కుట్టుమిషను అమ్మేశాడు. దాన్ని భుజాన వేసుకుని వీధి చివరిదాకా మోసింది ఇతనే. బావ మోయమన్నాడు, మోశాడు. అక్క కూరల బజారు నుంచి వచ్చి, మిషను ఉన్నచోట నేల మీద మిగిలిన నాలుగు మచ్చలు చూసి, "నా మిషను నాకు తెచ్చేదాకా మాట్లాడనని మీ బావకి చెప్పు" అంది. ఇతను చెప్పాడు. బావ మర్నాడు వెతుక్కుంటూ వెళ్తే కొన్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. కొత్తది తెస్తే అక్క గుడ్డ కప్పి గోడకు తిప్పి పెట్టింది. అది నాది కాదు అంది. అప్పటికి ఇతనికి మీసాలు సరిగా రాలేదు. ఇప్పుడు తల నెరిసింది.

షెడ్డులో ఆయిల్ డబ్బాల బల్ల పైన దేవుడి పటం ఉంది. టపా రోజూ దాని ముందు నిలబడి దణ్ణం పెట్టుకునేవాడు. అక్కడా అతనికి మోయాల్సినవి ఉండేవి. "మీ బావ మోకాళ్ల నొప్పి తగ్గించమని చెప్పుకో. నేను చెప్పానని మాత్రం అనకు," అనేది అక్క. "మీ అక్క దగ్గు ఒకటి ఉంది కదా, దణ్ణం పెట్టేటప్పుడు కాస్త గుర్తుంచుకో," అనేవాడు బావ, ఎటో చూస్తూ. ఒకరి మేలు ఒకరు కోరుకునే ఇద్దరి మధ్య మూడో మనిషి ఎందుకో దేవుడికైనా అర్థమైందో లేదో. అర్థమై ఉంటే, ఆయన కూడా ఊరుకున్నాడన్నమాట.

ఆ రోజు టీ అయ్యాక అతను తన కోసం ఒకటి అడిగాడు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో, పాత స్నేహితుడు పొట్టోడు షెడ్డు పెట్టాడు. రమ్మని చాలాసార్లు కబురు చేశాడు. గదిలోంచి అలలు కనిపిస్తాయట. సాయంత్రం బస్సుకు వస్తానని ఈసారి టపా మాటిచ్చాడు. మేడ మీద గదిలో సంచి సర్దుకున్నాడు. ఇక అక్కకీ బావకీ చెప్పడమే మిగిలింది. "ఇద్దరిలో ఎవరో ఒకరు సొంతంగా ఒక్కమాట అనాలి," అని అడిగాడు దేవుణ్ణి. "ఉండమన్నా సరే, వెళ్లిరమ్మన్నా సరే."

అంతలో పళ్ల డాక్టరు కారు వచ్చింది. అది సూపర్‌చార్జర్ ఉన్న కారు. ఇంజనుకు మామూలుగా అందే గాలి చాలదని, బెల్టుతో తిరుగుతూ గాలిని గట్టిగా లోపలికి తోసే పరికరం అది. కారు ఆగి ఉండి ఇంజను తిరుగుతుంటే, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు చప్పుడు.

"ఇంజను పోయిందంటున్నారయ్యా అందరూ," అన్నాడు డాక్టరు. "పన్నయితే పీకి పారేసేవాణ్ణి. దీన్నేం చెయ్యను?"

టపా నవ్వి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కమన్నాడు. వేగం పెరగగానే చప్పుడు మాయమైంది. వదిలితే మళ్లీ వచ్చింది. ఇంజను ఆపించి, బెల్టు విప్పి, కాసేపు మళ్లీ నడిపించాడు. ఇంజను మెత్తగా తిరిగింది. గులకరాళ్లు లేవు. ఆపాక, సూపర్‌చార్జర్ ముందున్న కప్పీ చక్రాన్ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. పట్టు దొరికేలోపు అది లూజుగా కదిలింది.

"ఇంజను బాగానే ఉంది సార్. లోపల రెండు వైపుల్నీ కలిపే కప్లర్ అరిగింది. మార్చేస్తే సరి."

బావ ఫోన్ చేస్తే స్పేర్ పార్టుల కొట్టువాళ్లు కొత్తది పంపారు. టపా బ్యాటరీ తీగ ఊడదీసి పని మొదలుపెట్టాడు. బావ పక్కనే నిలబడి స్పానర్లు అందిస్తున్నాడు. చెప్పడానికి అదే సమయమనిపించింది.

"బావా, సాయంత్రం బస్సుకి వెళ్లిపోదామనుకుంటున్నా. పొట్టోడి షెడ్డులో పనికి. ఇక అక్కడే ఉంటాను."

బావ చేతిలోని స్పానర్ తుడుస్తూనే ఉన్నాడు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

"మీ అక్క ఏమంది?"

"ఇంకా చెప్పలేదు."

"చెప్పు. తను సరేనంటే నాదేముంది?"

టపా చేతులు తుడుచుకుని వాకిలి దాటి వంటింట్లోకి వెళ్లాడు. అక్క కత్తిపీట ముందు కూర్చుని ఉంది. చెప్పాడు. కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగి, మళ్లీ కదిలింది.

"మీ బావ ఏమన్నాడు?"

"నువ్వు సరేనంటే తనదేముందన్నాడు."

"షెడ్డు ఆయనది, పని ఆయనది. ఆయనకి లేని బాధ నాకెందుకని చెప్పు."

వాకిట్లో కుళాయి దగ్గర అతను కాసేపు ఆగాడు. ఎడమ భుజం లాగుతోంది. నిన్న గేర్‌బాక్సు ఎత్తినందుకేమో అనుకున్నాడు. షెడ్డులోకి వచ్చి, "అక్కకి అభ్యంతరం లేదట," అన్నాడు, బాధ అన్న మాట తీసేసి.

"ఊఁ. మరి వాడు దారిలో ఏం తింటాడో అడుగు. పొట్లం కట్టమని చెప్పు."

మళ్లీ వెళ్లాడు.

"కడతాలే. వాడు వెళ్తే బజారు నుంచి కూరలెవరు తెస్తారో మీ బావని అడుగు," అంది అక్క.

"ఎవడక్కా?"

"ఎవడేంట్రా! నువ్వే."

అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. తరిగిన ముక్కలనే మళ్లీ తరుగుతోంది. ఇంకాస్త నిలబడి చూశాడు. అడుగుతుందేమో, ఇక్కడ నీకేం తక్కువైందిరా అని. తిడుతుందేమో, పెద్దవాణ్ణయిపోయాననుకుంటున్నావా అని. అంతేనా, ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు ఆమే అతని వైపు చూసింది.

"నేను వెళ్తే కూరలెవరు తెస్తారని అడుగుతోంది బావా."

"ఎవరో ఒకరు తెస్తార్లే అని చెప్పు," అన్నాడు బావ. దగ్గి, పక్క కారు కిందికి దూరిపోయాడు.

ఆ మాట టపా మోయలేదు. దాన్ని వాకిలి ఇవతలే వదిలేసి పనిలో పడ్డాడు.

సూపర్‌చార్జర్ లోపలి పాత నూనె గొట్టంతో లాగేశాడు. కుళ్లిన గుడ్ల వాసనకు డాక్టరు ముక్కు మూసుకుని దూరం జరిగాడు. బోల్టులు విప్పి, రబ్బరు సుత్తితో ముందు భాగాన్ని చుట్టూ తడుతూ మెల్లగా లాగాడు. అది ఊడి వచ్చింది. మధ్యలో ఇరుక్కుని, అరచేతిలో పట్టేంత నల్లటి ప్లాస్టిక్ బిళ్ల, అదే కప్లర్. దానికి ఆరు రంధ్రాలు. గుండ్రంగా ఉండాల్సినవి కోలగా సాగిపోయి ఉన్నాయి. వేలు పెడితే గోధుమ రంగు పొడి అంటుకుంది.

"ఇంతేనా?" అన్నాడు డాక్టరు. "ఇంత గోల చేసింది ఇదా?"

"గోల దీనిది కాదు సార్. ఇటు కప్పీ వైపు నుంచి మూడు పిన్నులు దీంట్లోకొస్తాయి, అటు లోపలి ఇరుసు నుంచి మూడు. ఇవి వాటిని తాకవు, అవి వీటిని తాకవు. కుదుపంతా దీనిమీద పడుతుంది."

"ఇది లేకుండా తిన్నగా కలిపేస్తే?"

"ఒకదాన్నొకటి కొరుక్కుతింటాయి. ఇనుముకి ఇనుము. అందుకే అరగడానికే దీన్ని పెట్టారు."

"నీకెందుకయ్యా అంత చెమట? ఎండ కూడా లేదు."

"ఇనుముతో పని కదా సార్," అన్నాడు టపా, మోచేత్తో నుదురు తుడుచుకుంటూ.

కొత్త బిళ్లను లోపలి పిన్నులకు తొడిగి, వేలితో తిప్పి చూశాడు. పిన్నుల పట్టులో బిగుతుగా నిలిచింది. అతికే అంచుల్ని గీకి తుడిచి, నూనె కారకుండా సీలెంటు సన్నగా గీసి, ముందు భాగం కూర్చి, బోల్టుల్ని ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాడు. సీలెంటు ఆరేదాకా ఆగి కొత్త నూనె పోశాడు. బెల్టు ఎక్కించి, బ్యాటరీ తీగ కలిపాడు. డాక్టరు తాళం తిప్పాడు. గులకరాళ్లు లేవు. టపా బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. లోపల ఇటుదీ అటుదీ కలిసి తిరుగుతున్నట్టు చేతికి తెలుస్తోంది, అంతే.

డాక్టరు వెళ్లిపోయాడు. పాత బిళ్లను టపా జేబులో వేసుకున్నాడు. అరిగినవాటిని అతను చెత్తలో పడేసేవాడు ఎప్పుడూ. ఆ రోజెందుకో పడెయ్యలేదు. మెట్లెక్కి గదిలోకి వెళ్తూ మధ్యలో కూర్చుని లేచాడు. బిళ్లను కిటికీ గట్టు మీద పెట్టి మంచం మీద ఒరిగాడు. బూట్లు విప్పలేదు. బస్సుకు ఇంకా టైముంది. సంచి తలుపు పక్కనే ఉంది.

కింద అక్క పొట్లం కట్టి గుమ్మం మీద పెట్టుకుని కూర్చుంది. బావ బూట్లు విప్పకుండా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వెళ్లే ముందు వస్తాడు కదా, అప్పుడు చెబుదాంలే అని ఇద్దరూ ఎవరికి వాళ్లు ఏవో మాటలు కూడగట్టుకుంటున్నట్టే ఉన్నారు. బస్సు వేళ అయింది, దాటింది. పోనీ, మనసు మార్చుకున్నాడేమో. అక్క మొహంలో ఒక చిన్న వెలుగు లాంటిది వచ్చింది. పొట్లం చేత్తో పట్టుకునే మెట్లెక్కింది.

"ఒరేయ్, బస్సు పోయిందిరా," అంది తలుపు తోస్తూ. దగ్గరికెళ్లి పాదం పట్టుకుని కుదిపింది. బూటు పైన చర్మం చల్లగా తగిలింది.

ఆమె కేక విని బావ మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ పైకొచ్చాడు. మంచానికి ఇటుపక్క ఆమె, అటుపక్క ఆయన. ఇద్దరి మధ్యా అతను, కొంచెం నోరు తెరుచుకుని, ఏదో చెప్పబోయి ఆగినట్టు.

"ఒరేయ్..." అంది అక్క, అతని మొహంలోకి చూస్తూ. "డాక్టర్ని పిలుచుకురమ్మని మీ బావకి చెప్పరా."

బావ కదల్లేదు. ఆయన కూడా అతని మొహం వైపే చూస్తూ, అలవాటుగా, ఆ మాట అందేదాకా ఆగాడు. అందలేదు. చాలాసేపటికి వంగి, అతని తెరుచుకున్న కళ్లు మూసి, అతనితోనే అన్నాడు.

"ఇంక డాక్టరెందుకని... మీ అక్కకి చెప్పు."

ఆమె కూడా ఆగింది. గదిలో చీకటి పడుతోంది. దీపం వెయ్యమని చెప్పేవాళ్లు లేరు.

కిటికీ గట్టు మీద ఆ నల్లటి బిళ్ల ఉంది, సాగిపోయిన ఆరు రంధ్రాలతో, ఇటు మూడు, అటు మూడు.