సొన్నప్ప స్కూటరు మీద ఫోటో

మా పాత వీధి సొన్నప్ప ఇప్పుడు వర్తూరులో ఉంటున్నాడు. అతని లాంబ్రెటా స్కూటరు ఇంకా నడుస్తోందని విని, మా పాత ఫోటో ఒకటి పట్టుకుని వెళ్లాను. ఫోటోలో ఆ స్కూటరు మీద నేను, వెనక నా భార్య ప్రేమకుమారి. ఆమె పోయి రెండేళ్లయింది.

"దీని మీదే మేం నంది కొండకు వెళ్లాం," అన్నాను.

సొన్నప్ప నవ్వాడు. "నీకు బండి తోలేది ఎప్పుడొచ్చిందప్పా? వీధిలో కొత్తగా పెండ్లయినోళ్లంతా నా స్కూటరెక్కి ఫోటో దిగినోళ్లే. ఫోటోలో చూడు, స్టాండు కూడా తీయలేదు."

నిజమే. మరి నా వీపుకు ఆనిన ఆమె చెంప ఎక్కడిది?

నా ముఖం చూసి అతను నవ్వు ఆపాడు. "పోయింటారులే, నాకేం గుర్తుండాది. కూర్చో, చెరువు దాకా పోదాం."

వెనక కూర్చున్నాను. నంది కొండకు వెళ్లామో లేదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు లేదు. సొన్నప్ప గుంతల దగ్గర బండిని నెమ్మది చేస్తూ నడిపాడు.